ముద్ర పడని పదకొండు కార్డులు

అధ్యక్షులు, అమెరికా కల్నల్ హాల్డేన్ గారికీ, ఈ నెల ఆ కుర్చీ ఫ్రాన్సుది కదా అని పొద్దుటి నుంచి మూతి ముడుచుకుని కూర్చున్న మేజర్ లావెర్న్ గారికీ, కుర్చీ ఎవరిదైనా టీ మాత్రం నాలుగింటికే పడాలనే ఇంగ్లీషు పార్జిటర్ గారికీ, రష్యా లెఫ్టినెంట్ కల్నల్ రొదియోన్ మత్వేయెవిచ్ జిఖరేవ్ గారికీ, వెనక వరుసల్లో కూర్చున్న వీళ్ళ భార్యలకీ, గుమ్మం దగ్గరే ఆగిపోయిన మా వంటగది ఆడవాళ్ళకీ నమస్కారం. గుమ్మం దగ్గర ఎందుకర్రా, లోపలికి రండి. ఇన్నేళ్ళు ఈ కుర్చీలు తుడిచాం, ఒక్కరోజు కూర్చుంటే అరిగిపోవు.

(నవ్వులు)

కల్నల్ గారు ఇందాక నా గురించి పది నిమిషాలు మాట్లాడారు. ట్రూడె నోవాక్ స్వేచ్ఛా ప్రపంచానికి మూగ సైనికురాలు అన్నారు. అయ్యా, నేను పట్టింది చీపురు, తుపాకీ కాదు. ఇక నన్ను మూగ అనడం మా ఆయన బతికుండి వింటే నవ్వి నవ్వి మళ్ళీ పోయేవాడు. ఇక్కడున్న ఆఫీసర్లలో నా చేత తిట్లు తిననివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. వీళ్ళు జర్మన్ నేర్చుకున్నదే నా తిట్లు అర్థం చేసుకోవడానికి.

నాకు బహుమతి ఇవ్వాలని నాలుగు దేశాలూ జూన్ నెలలోనే తీర్మానించాయట. ఆరు సమావేశాలు జరిగాయి. అన్నిటికీ కాఫీ నేనే ఇచ్చాను కాబట్టి అన్నీ విన్నాను. గోడ గడియారం అనే దాకా ఏకాభిప్రాయం కుదిరింది. ఎవరి దేశపు గడియారం అనే దగ్గర చెడింది. చివరికి ఎవరిది వాళ్ళు తెచ్చారు. ఇప్పుడు నా దగ్గర నాలుగు గడియారాలున్నాయి. అందులో ఒకటి మాస్కో టైము చూపిస్తోంది. ఒంటి మనిషిని, రెండు గదుల ఇల్లు. ఏ గడియారం చూసి నిద్ర లేవాలో కూడా మీరే ఒక కమిటీ వేసి చెప్పండి.

(నవ్వులు. రొదియోన్ మత్వేయెవిచ్ గారు "మాది సరైన టైము" అన్నారు.)

అదిగో, మొదలెట్టారు.

వెనక వరుసల్లో ఉన్న ఆడవాళ్ళకి ఒక మాట. మీ మొగుళ్ళు ఇన్నాళ్ళూ ఇంటికొచ్చి "రహస్యం, చెప్పకూడదు" అంటూ మొహం గంభీరంగా పెట్టుకునేవాళ్ళు కదా. ఆ రహస్యం ఏమిటో నేను చెప్తా. యుద్ధం గెలిచిన నాలుగు దేశాలూ ఈ బెర్లిన్‌ని కేకులా నాలుగు ముక్కలు కోసి పంచుకున్నాయి. నేల పంచుకున్నారు గానీ ఆకాశం పంచుకోవడం చేతకాలేదు. విమానాలు గాల్లో గుద్దుకోకుండా చూసుకోవాలి కాబట్టి నలుగురు ఆఫీసర్లు ఒకే గదిలో, నాలుగు బల్లల ముందు, పగలూ రాత్రీ కూర్చోవాలని ఒప్పందం. అంతే రహస్యం. ఊళ్ళో ట్యాంకులు ముక్కు ముక్కు ఆనించుకుని నిలబడ్డ రోజున కూడా వీళ్ళు నలుగురూ ఒకే పంచదార డబ్బాలో స్పూను ముంచారు. ప్రపంచం అంతమైపోతుందని రేడియోలో చెబుతుంటే ఈ గదిలో గొడవ దేనికి జరిగిందో తెలుసా? కిటికీ తియ్యాలా, వెయ్యాలా అని. రష్యన్ వెయ్యాలంటాడు, ఇంగ్లీషాయన తియ్యాలంటాడు.

పెట్టుబడిదారీ అంటే ఏమిటి, సోషలిజం అంటే ఏమిటి అని నన్ను ఎవరైనా అడిగితే నేను చెత్తబుట్టలు చూసి చెప్పేదాన్ని. అమెరికన్ బల్ల కింద బుట్ట ఎప్పుడూ పొంగిపోతూ ఉండేది. సగం తిన్న రొట్టె, సగం తాగిన సీసా, ఒక్క గీత గీసి నలిపేసిన తెల్లకాగితాలు. నేను వాటిని ఇంటికి పట్టుకెళ్ళి రెండో వైపు సరుకుల జాబితా రాసుకునేదాన్ని. రష్యన్ బల్ల కింద బుట్ట ఖాళీ. నలభై ఏళ్ళలో ఒక్క కాగితం ముక్క పడితే ఒట్టు. పొద్దుతిరుగుడు గింజల తొక్కలు తప్ప ఏమీ దొరకవు. ఒకాయనకి ఏదీ దాచుకోవడం తెలీదు, ఒకాయనకి ఏదీ పారెయ్యడం తెలీదు. నాకు మాత్రం ఇద్దరి బల్లల కిందా ఒకే రకం దుమ్ము.

సరే, సరదా మాటలు చాలు. కాదు, చాలవు, ఇంకొన్ని ఉన్నాయి. కానీ నేను ఇవాళ మైకు అడిగి తీసుకున్నది అందుకు కాదు. సోమవారంతో ఈ ఆఫీసు మూతపడుతుంది. దేశం అక్టోబరులోనే ఒకటైపోయింది, ఇక ఈ ఆకాశానికి మీరెవరూ అక్కర్లేదట. రొదియోన్ మత్వేయెవిచ్ గారు రేపు పొద్దున రైలెక్కి వెళ్ళిపోతున్నారు. ఆ రైలు కదిలేలోగా నేను ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా గొంతులో ఉంది. విడిగా చెబుదామని పదకొండేళ్ళు ప్రయత్నించాను. టీ తీసుకెళ్ళడం, "పంచదార ఇంకొంచెం వెయ్యనా" అని అడిగి వెనక్కి రావడం. ఇద్దరమే ఉంటే నాకు పిరికితనం వస్తుంది. నలుగురిలో అయితే నోరు లేస్తుంది. నా పుట్టుకే అంత.

1962 మార్చి. ఊరి మధ్య గోడ లేచి ఏడు నెలలు. మా అమ్మ గోడకి అవతల పాంకోవ్‌లో ఉండిపోయింది, నేను ఇవతల. ఇక్కడ పని ఎలా జరిగేదో ముందు చెప్పాలి. ప్రతి విమానానికీ ఒక కార్డు రాసేవారు. ఆ కార్డు బల్ల నుంచి బల్లకి తిరిగి రష్యన్ బల్ల దగ్గరికి వెళ్ళేది. ప్రయాణికుల విమానాలు ఇటు రావడానికి తాము ఒప్పుకోలేదని రష్యావాళ్ళ వాదన. అందుకని ఆ కార్డు మీద ఒక రబ్బరు ముద్ర ఠప్పున గుద్దేవారు: "ఈ విమానం భద్రతకు హామీ లేదు." అలాగని విమానం ఆగేదా? ఆగేది కాదు. దిగేది, జనం దిగి ఇళ్ళకి పోయేవాళ్ళు. సాయంత్రం మళ్ళీ కార్డు, మళ్ళీ ఠప్పు. అత్తగారు రోజూ "నీ ఇష్టం, నాకేం సంబంధం లేదు" అంటూనే కోడలికి వంటింటి తాళాలు ఇచ్చినట్టు.

(నవ్వులు)

ఆ ముద్ర చూస్తే నాకు ఒళ్ళు మండేది. అందులో రాసినదానికి కాదు, మురికికి. ఊదారంగు సిరా అట్టలు కట్టి అక్షరాలు బూడిదగుమ్మడికాయల్లా పడేవి. రష్యన్ బల్ల మేము ముట్టుకోకూడదని నియమం. అయినా ఆ రోజు పొద్దున ఆరింటికి డ్యూటీ మారుతోంది. రాత్రి డ్యూటీ చేసిన కెప్టెన్ గ్రింకో, పొద్దుటి డ్యూటీకి వచ్చిన లెఫ్టినెంట్ జిఖరేవ్, అంటే అప్పటి మన రొదియోన్ మత్వేయెవిచ్, ఇద్దరూ సిగరెట్టు కోసం వసారాలోకి వెళ్ళారు. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు, ఒకే బూట్ల పాలిష్ డబ్బా వాడేవాళ్ళు, ఎప్పుడు చూసినా గుసగుసలూ నవ్వులూ. నవ్వుకుంటూ వస్తారులే, పది నిమిషాలు పడుతుంది అనుకున్నాను. తగుదునమ్మా అని ముద్ర తీసుకుని పక్కనున్న తొట్టి దగ్గరికి పోయి వేడినీళ్ళలో సోడా కలిపి ముంచాను. ఇంట్లో జిడ్డు గిన్నెలకి అలాగే చేస్తాం.

మూడు నిమిషాల్లో మురికి వదిలింది. దాంతోపాటు రబ్బరూ వదిలింది. జిగురు కరిగి, సోవియట్ రాజ్యం మాట మొత్తం నా అరచేతిలోకి ఊడొచ్చింది. చెక్క పిడి తుడిచి మళ్ళీ యథాస్థానంలో పెట్టేశాను. రబ్బరు ముక్క ఏప్రన్ జేబులో పడేసుకున్నాను. ఇంటి నుంచి జిగురు తెచ్చి రేపు మళ్ళీ పిడికి అంటించేద్దామని. ఆడదాని బుద్ధి అని ఎవరైనా అన్నారంటే చూడండి, ఇందులో ఆడా మగా లేదు, తప్పు చేసిన ఏ మనిషి బుద్ధైనా అంతే.

ఏడింటికి మొదటి కార్డు వచ్చింది. లెఫ్టినెంట్ ముద్ర ఎత్తి గుద్దాడు. కార్డు మీద ఊదారంగు ముద్ద పడింది, అక్షరం లేదు. తిప్పి చూసుకున్నాడు. పిడి ఉంది, మాట లేదు. ఆ పిల్లాడి మొహం నేను ఇవాళ్టికీ మరిచిపోలేదు. పాతికేళ్ళుంటాయి, మీసం కూడా సరిగ్గా రాలేదు. చేత్తో రాసెయ్యొచ్చు కదా అంటారేమో. కుదరదు. ముద్ర వేస్తే అది రాజ్యం అభిప్రాయం, చేత్తో రాస్తే లెఫ్టినెంట్ సొంత అభిప్రాయం. సొంత అభిప్రాయం ఉన్న లెఫ్టినెంట్‌కి వాళ్ళ దగ్గర ఏమవుతుందో వేరే చెప్పాలా? పాపం, రెండో కార్డు నుంచి ఏమీ వెయ్యకుండా పంపించాడు. మధ్యాహ్నానికి పదకొండు కార్డులు.

ఇక చూడండి తమాషా. అప్పటి అమెరికన్ మేజర్ ఆ కార్డులు పట్టుకుని వంటగదిలోకి పరిగెత్తుకొచ్చాడు.

"ట్రూడె! గెలిచాం! హామీ లేదనడం మానేశారు, అంటే హామీ ఇచ్చినట్టే! వాళ్ళు దిగొచ్చేశారు!"

"దిగొచ్చారో లేదో గానీ, ఆ బూట్లు విప్పి రండి. ఇప్పుడే తుడిచాను," అన్నాను. జేబుకి అడ్డంగా చీపురు పట్టుకున్నాను.

ఇంగ్లీషాయన అన్నాడూ, "ఎవరూ చూడనట్టు ఊరుకోండి. మనం చూశామని తెలిస్తే మళ్ళీ మొదలెడతారు." ఫ్రెంచాయన కళ్ళు చికిలించి, "కుర్రాడు ప్రేమలో పడ్డాడు, అందుకే పరధ్యానం," అని తేల్చేశాడు. మధ్యాహ్నానికి మూడు రాజధానులకి తంతి వార్తలు వెళ్ళాయి. సోవియట్ వైఖరిలో మార్పు అని ఒకటి, ఇదేదో ఎర అని ఒకటి. మార్పు ఎక్కడుందయ్యా? నా జేబులో ఉంది, నిమ్మతొక్కలో సగం సైజు.

(నవ్వులు. చాలాసేపు.)

నవ్వండి. నేనూ తర్వాత ఎన్నోసార్లు నవ్వాను. నాలుగింటికి తూర్పు వైపున్న రష్యన్ల పెద్ద కార్యాలయం, కార్ల్స్‌హోర్స్ట్ నుంచి నల్లకారు వచ్చింది, అక్కడితో నవ్వు ఆగిపోయింది.

కారు రాకముందు లెఫ్టినెంట్ నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "ఫ్రావ్ నోవాక్, పొద్దున నా బల్ల దగ్గరికి ఎవరైనా వచ్చారా? మీరేమైనా చూశారా?"

"లేదండీ, నేనేం చూడలేదు," అన్నాను.

అంత స్పష్టంగా అడిగితే అంత స్పష్టంగా అబద్ధం ఆడాను. చెబితే ఏమయ్యేది? పశ్చిమం వైపు పనిమనిషి సోవియట్ రాజ్య ముద్రని నాశనం చేసింది అంటారు. విద్రోహం అంటారు. మా అమ్మ వాళ్ళ చేతుల్లో ఉంది. అది నిజమే. కానీ పూర్తి నిజం కాదు. మా అమ్మ డెబ్బై నాలుగులో పోయింది. ఆ తర్వాత పదహారేళ్ళు నా నోటికి అడ్డం ఏముంది? ఏమీ లేదు, సిగ్గు తప్ప.

నల్లకారులో వచ్చినవాళ్ళు అందరి ముందే ఆయన్ని నిలబెట్టి అడిగారు. నేను ట్రే పట్టుకుని గుమ్మం దగ్గరున్నాను. జేబులోంచి ఊదారంగు బయటికి ఊరి, తెల్ల ఏప్రన్ మీద మరక పెద్దదవుతోంది. ఆయన చూపు అటు తిరిగింది, నా జేబు మీద ఆగింది. అప్పుడు ఆయన "నేనే పోగొట్టాను," అన్నారు. ఆ ఒక్క మాట. కార్లో ఎక్కించుకుని వెళ్ళిపోయారు.

పదిహేడేళ్ళ తర్వాత డెబ్బై తొమ్మిదిలో మళ్ళీ ఈ గదిలోకి వచ్చారు. జుట్టు నెరిసింది. ఎడమ చెవి కొన లేదు. శిక్షగా పంపిన చోట, రష్యా ఈశాన్యపు కొసనున్న చుకోట్కాలో, మంచు తినేసిందట. ఆయన తోటివాళ్ళు జనరళ్ళయ్యారు, ఈయన మాత్రం అదే కార్డులు, కొత్త ముద్ర. టీ పోసినప్పుడల్లా ఆ చెవి నా కళ్ళ ముందే ఉండేది. ఈ మనిషి నా మరక చూసి కూడా నన్ను కాపాడాడు, నేను కనీసం థాంక్స్ కూడా చెప్పలేదు అనుకుంటూ పదకొండేళ్ళు పంచదార ఎక్కువ వేశాను.

రొదియోన్ మత్వేయెవిచ్ గారూ, ఆ ముద్ర పాడుచేసింది నేను. మీరు మోసిన శిక్ష నాది. నన్ను కాపాడినందుకు మీకు దణ్ణం పెడుతున్నాను. కాపాడనిచ్చినందుకు సిగ్గుపడుతున్నాను. ఇదే నేను చెప్పాలనుకున్నది.

(రొదియోన్ మత్వేయెవిచ్ గారు లేచి నిలబడ్డారు.)

"ఏ మరక?"

నా ఏప్రన్ మీద మరకండీ. మీరు చూశారు కదా.

"నేనేం చూడలేదు ఫ్రావ్ నోవాక్. నా కళ్ళకి అప్పుడు గోడలే కనిపించడం లేదు, మీ ఏప్రన్ ఏం కనిపిస్తుంది? అది గ్రింకో పని అనుకున్నాను."

ఏమన్నారు?

"పొద్దున నాకు డ్యూటీ అప్పజెప్పింది వాడు. ఎవరైనా వచ్చారా అని మిమ్మల్ని అడిగితే ఎవరూ రాలేదన్నట్టే చెప్పారు. ఇక మిగిలింది వాడే. నన్ను తొక్కి పైకెక్కడానికి ముద్ర తీశాడనుకున్నాను. అమెరికన్లు తీశారని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. వాళ్ళకంత ఓపిక లేదు."

(కొందరు నవ్వి ఆగిపోయారు.)

మరి మీరే పోగొట్టానని ఎందుకన్నారు?

"వాడి పేరు చెబితే వాణ్ణి బతకనివ్వరని. చెప్పలేదు. కానీ క్షమించనూ లేదు. వాడు నాకు ఉత్తరాలు రాశాడు, చుకోట్కాకి, తర్వాత నేను ఎక్కడికి మారితే అక్కడికి. పదహారు. ఒక్కటీ విప్పలేదు. పోయిన మార్చిలో తంబోవ్‌లో చనిపోయాడని వాళ్ళావిడ నీనా తంతి ఇచ్చింది. దానికీ జవాబివ్వలేదు."

(ట్రూడె గారు వెనక వరుసల వైపు తిరిగారు.)

చూశారా అమ్మా, వెనక కూర్చున్న ఆడవాళ్ళూ. నన్నొక ఆఫీసరు కాపాడాడని ఇన్నేళ్ళూ లోపల్లోపల మురిసిపోయాను. ఆయన లెక్కలో నేను లేనే లేను. నా అబద్ధం పోయి తగలాల్సిన చోట తగల్లేదు. ఒకే గదిలో, ఒకే పాలిష్ డబ్బాతో బతికిన ఇద్దరు స్నేహితుల మధ్య పడింది. రాజ్యాలు కట్టిన గోడ మొన్ననే సుత్తులతో పగలగొట్టారు. నేను కట్టింది మాత్రం ఇవాళ్టిదాకా నిలబడే ఉంది, దానికి అవతలున్నవాడు పోయాడు కూడా. క్షమించమని అడగడానికి వచ్చాను రొదియోన్ మత్వేయెవిచ్ గారూ. ఇప్పుడు అడగను. ఎవర్ని అడగాలో ఆయన లేడు.

ఆ ఉత్తరాలు ఉన్నాయా?

"ఉన్నాయి. కింద, నా పెట్టెలో."

మరి ఇంకా విప్పరా?

"ఒక్కణ్ణే విప్పలేను. వాడేం రాశాడో తెలుసుకోవడానికి ఇప్పుడు భయంగా ఉంది."

అయితే తీసుకురండి. వంటగదిలో పొయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. మీరు చదువుతూ జర్మన్‌లో చెప్పండి, నేను ఎదురుగా కూర్చుంటాను. పదహారూ వింటాను. మధ్యలో లేవను, ఏడిస్తే కళ్ళు తుడుచుకోను. చివర్లో నీనా గారికి ఉత్తరం రాద్దాం. మీ ఆయన ఏ తప్పూ చెయ్యలేదమ్మా, చేసినదాన్ని నేను, నా పేరు ట్రూడె నోవాక్ అని. రష్యన్‌లో మీరు రాయండి, సంతకం నేను పెడతాను.

"వాడు రాసినవన్నీ ఎందుకు విప్పలేదని ఆవిడ అడిగితే?"

నేను అబద్ధం ఆడబట్టి అని రాయండి.

(రొదియోన్ మత్వేయెవిచ్ గారు తల ఊపి, పెట్టె తేవడానికి కిందికి వెళ్ళారు.)

కల్నల్ గారూ, సన్మానం మధ్యలో ఇలా చేసినందుకు ఏమీ అనుకోకండి. మీరు కప్పిన శాలువా వెచ్చగా ఉంది. నాతో పనిచేసిన వాళ్ళందరికీ, నా తిట్లు తిని కూడా కాఫీ బాగుందన్న వాళ్ళందరికీ, ఇవాళ నన్ను మధ్యలో ఆపకుండా విన్న మీ అందరికీ నా కృతజ్ఞతలు. టీ పింగాణీ కూజాలో ఉంది, కప్పులు పైన అరలో. ఇవాళ మీరే పోసుకోండి, మీరే కడుక్కోండి. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినిపిస్తోంది, నేను వెళ్ళాలి.

సెలవు.